మరిగే నీళ్ల మీద మంట పెంచకండి

చెల్లెమ్మలూ, ఎండలు ముదిరాయి. ఆవకాయ ముక్కలు కొట్టించే పనిలో కొందరు, పిల్లల సెలవుల హడావిడిలో కొందరు ఉండి ఉంటారు. ఇలాంటప్పుడు వేడి గురించి మాట్లాడుకోవడం ఏమిటని అనుకోకండి. ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో కొత్తగా కాపురానికి వెళ్లిన ఒక చెల్లెలి ప్రశ్న నన్ను ఆపేసింది. "అక్కా, పప్పు ఉడికేటప్పుడు మంట పెద్దది చేస్తే త్వరగా అవుతుందని మా అత్తగారు అంటారు. సన్నసెగ మీదే ఉడకాలని మా అమ్మ అంటుంది. ఎవరి మాట వినను?" అని అడిగింది. ఇద్దరి మాటా వినమ్మా. నీళ్లు మరిగేదాకా మీ అత్తగారి మాట, మరిగాక మీ అమ్మ మాట. ఇది మొహమాటానికి చెబుతున్నది కాదు. మనలో చాలామంది పదో తరగతిలో పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన ఉష్ణం పాఠం చెప్పేది ఇదే.

గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, అందులో ఒక థర్మామీటరు ఉంచామనుకోండి. జ్వరం చూసేది కాదు, బడి లేబరేటరీలో ఉండే పొడవాటిది. మన వేసవి నీళ్లు 30 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. మంట పెట్టగానే అంకె పెరుగుతూ పోతుంది. 50, 70, 90. తెర్లడం మొదలయ్యేసరికి 100 దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి మీరు మంట ఎంత పెంచినా అది కదలదు. గిన్నెలో చివరి చుక్క ఆవిరయ్యేదాకా 100 దగ్గరే ఉంటుంది. గలగలా మరుగుతున్న నీళ్లూ, సన్నగా తెర్లుతున్న నీళ్లూ ఒకే వేడిమీద ఉంటాయి. పప్పుగింజకు కావలసింది ఆ 100 డిగ్రీలే. పైన ఎంత ఆర్భాటంగా మరుగుతోందో దానికి పట్టదు. పైగా పెద్ద మంట మీద బంగాళాదుంపలు ఒకదానికొకటి కొట్టుకుని చిదికిపోతాయి.

మరి ఆ పెద్ద మంట ఇచ్చిన వేడి అంతా ఏమైనట్టు? నీటిని ఆవిరిగా మార్చడానికి ఖర్చయింది. నీటిలో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించి వాటిని గాలిలోకి పంపాలంటే చాలా శక్తి కావాలి. ఆ శక్తి థర్మామీటరుకు కనబడదు, ఆవిరిలో దాగి ఉంటుంది. దాన్నే గుప్తోష్ణం అన్నారు. నెలనెలా చిట్టీ కడుతున్నప్పుడు చేతిలో డబ్బు పెరిగినట్టు కనబడదు, పాట మన పేరున వచ్చిన రోజున మొత్తం ఒక్కసారే చేతికొస్తుంది చూడండి, ఇదీ అంతే. ఆవిరి మళ్లీ నీరుగా మారినప్పుడు ఆ దాచిన వేడి అంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మన చేతులు కాలే విషయం దగ్గర మళ్లీ కావాలి.

లెక్క చెబుతాను, భయపడకండి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కేలరీ చాలు. అంటే 30 నుంచి 100కు తీసుకెళ్లడానికి గ్రాముకు 70 కేలరీలు. అదే గ్రాము 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావాలంటే ఏకంగా 540 కేలరీలు కావాలి. ఇప్పుడు మీ వంటింట్లోకి రండి. మూతలేని గిన్నెలోంచి ఒక గ్లాసు నీళ్లు, అంటే 200 గ్రాములు, ఆవిరైపోయాయనుకోండి. ఆ వేడితో ఇంకో ఒకటిన్నర లీటరు చన్నీళ్లను మరిగించుకోవచ్చు. మనం మూత పెట్టని ప్రతిసారీ, మరిగాక సిమ్‌లో పెట్టని ప్రతిసారీ పోయేది అంత. సిలిండరు ఇంత త్వరగా ఎలా అయిపోయిందని నెలాఖరున కూర్చుని ఆలోచించే చెల్లెళ్లు ముందు మూతలు వెతుక్కోండి.

నీరు ఇంకిపోవడమే మన పని అయినప్పుడు సంగతి వేరు. పులుసు దగ్గరపడాలన్నా, పాలు కోవా కావాలన్నా మూత తీసి మంట పెంచాల్సిందే. పాలలో ఎక్కువ భాగం నీరే. లీటరు పాలు కోవా అయ్యేసరికి ముప్పావు లీటరు నీరు ఆవిరి కావాలి. పాలు కాచడానికి పట్టిన వేడికి ఆరేడు రెట్లు వేడి ఆ ఇంకించడానికే పడుతుంది. మిఠాయి కొట్లో కోవా ధర ఎక్కువని గింజుకుంటాం గానీ, దాని వెనుక పాలతో పాటు ఇంత గ్యాసూ, గంటలకొద్దీ గరిటె తిప్పిన చెయ్యీ ఉన్నాయి.

ఈ దాగిన వేడిని లెక్కగట్టి మొదట చూపించినాయన జోసెఫ్ బ్లాక్. స్కాట్లండ్‌లో, గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1760ల మొదట్లో ఆయన చేసిన ప్రయోగం మన పిల్లలు కూడా చేయగలిగినంత తేలిక. రెండు గాజు కుప్పెలు తీసుకున్నాడు. ఒకదానిలో గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న చన్నీళ్లు, రెండోదానిలో అంతే బరువున్న మంచు. రెండింటినీ ఒకే హాలులో ఉంచాడు. చన్నీళ్లు అరగంటలో నాలుగు డిగ్రీల దాకా వేడెక్కాయి. మంచు కరిగి అదే స్థాయికి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. గది ఒకటే, గాలి ఒకటే, రెండింటికీ వేడి ఒకేలా అందుతోంది. మరి ఇన్ని గంటల వేడి ఎక్కడికి పోయింది? మంచును నీరుగా మార్చడానికి పోయింది. ఆ లెక్కలోంచి ఆయనకు వచ్చిన అంకె ఇప్పటి గ్రాముకు 80 కేలరీలకు చాలా దగ్గరగా ఉంది. అప్పటికి ఉన్న పనిముట్లు తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ ఉండేవాడు. ఆవిరిని చన్నీళ్లలోకి పంపిస్తే, ఆ కొద్దిపాటి ఆవిరి తన బరువుకు ఆరు రెట్లున్న నీళ్లను మరిగే దాకా వేడిచేయడం చూసి ఆయనకు అర్థం కాలేదు. వెళ్లి బ్లాక్‌ను అడిగాడు. ఆయన గుప్తోష్ణం సంగతి చెప్పాడు. ఆవిరిని తయారుచేయడం ఎంత ఖర్చో తెలిశాకే ఆ ఆవిరిని వృథా చేయని ఇంజను మీద వాట్ పట్టుదలగా పనిచేశాడు. బ్లాక్ మాత్రం ఈ విషయం మీద పుస్తకం వేయలేదు. ఆయన 1799లో పోయాక, 1803లో ఆయన పాఠాలను అచ్చువేశారు.

ఇక కుక్కర్. నీరు 100 దగ్గర ఆగేది మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి వల్ల. ఒత్తిడి తగ్గితే నీరు ఇంకా ముందే మరుగుతుంది. లేహ్ లాంటి ఎత్తయిన ఊళ్లో 88 డిగ్రీలకే తెర్లుతుంది, అందుకే అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. ఒత్తిడి పెంచితే ఇది తిరగబడుతుంది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన మూత బిగించిన పాత్ర ఒకటి చేసి, ఎముకల్ని కూడా మెత్తగా ఉడికించి చూపించాడు. మన కుక్కరుకు అదే పూర్వీకురాలు. లోపల ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి, నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఉడకడం వేగంగా జరిగేది ఆ అదనపు 20 డిగ్రీల వల్లే. ఈల వచ్చిందంటే ఒత్తిడి నిండిందని అర్థం. ఆ తర్వాత మంట తగ్గించి, ఒత్తిడి నిలిచేంత సెగ ఉంచితే చాలు. ఈలల మీద ఈలలు వేయించడమంటే, కష్టపడి తయారుచేసిన ఆవిరిని కిటికీలోంచి పారబోయడమే. ఒత్తిడి పూర్తిగా దిగకుండా మూత తీయవద్దని ఎందుకంటారో కూడా ఇక్కడే తెలుస్తుంది. 120 డిగ్రీల నీటి మీద ఒత్తిడి ఒక్కసారిగా పోతే, అందులో కొంత ఉన్నపళంగా ఆవిరై పప్పుతో సహా మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

వెన్న కాచేటప్పుడు మీరు చెవితో చేసే పని ఒకటుంది, అది నాకు చాలా ఇష్టం. వెన్నలో నీరు ఉంటుంది. అది ఆవిరవుతున్నంతసేపూ చిటపటలు వినిపిస్తాయి. ఆ చప్పుడు ఉన్నంతకాలం గిన్నెలో వేడి 100కు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, ఎందుకంటే మంట ఇచ్చే వేడిని నీరు తినేస్తోంది. చిటపటలు సద్దుమణిగాయంటే నీరు అయిపోయింది. ఇక వేడిని తినేవాళ్లు ఎవరూ లేరు, ఉష్ణోగ్రత గబగబా ఎక్కుతుంది. అందుకే నెయ్యి మాడేది ఎప్పుడూ ఆ ఆఖరి నిమిషంలోనే. చప్పుడు తగ్గగానే మన అమ్మమ్మలు మునగాకో తమలపాకో వేసి దించేసేవాళ్లు. వాళ్లకు థర్మామీటరు లేదు, చెవి ఉంది. నూనెలో గారె వేసినప్పుడు చుట్టూ లేచే బుడగలు కూడా పిండిలో నీరు ఆవిరవడమే. బుడగలు తగ్గాయంటే గారె వేగింది.

ఇప్పుడు చేతుల సంగతి. ఇడ్లీ పాత్ర మూత తీస్తూ మణికట్టు కాల్చుకోని ఆడది మన మధ్య ఉండదేమో. ఆవిరి చురక వేణ్నీళ్ల చురకకన్నా ఎందుకంత తీవ్రంగా ఉంటుంది? రెండూ 100 డిగ్రీలే కదా? ఒక గ్రాము మరిగే నీరు ఒంటి మీద పడితే, అది మన ఒంటి వేడికి చల్లారేలోపు ఇచ్చేది 63 కేలరీలు. ఒక గ్రాము ఆవిరి తగిలితే ముందు నీరుగా మారుతూ దాచిపెట్టిన 540 ఇచ్చేసి, ఆ తర్వాత ఈ 63 కూడా ఇస్తుంది. దాదాపు పది రెట్లు. కాబట్టి మూతను ఎప్పుడూ మీకు అవతలివైపు నుంచి ఎత్తండి, ఆవిరి ముందు అటు పోనివ్వండి. తడి మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకోకండి. పొడి గుడ్డలో గాలి ఉంటుంది, అది వేడిని తొందరగా రానివ్వదు. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా త్వరగా వేడిని చేరవేస్తుంది. పైగా ఆ తడే ఆవిరై చేతిని కాలుస్తుంది.

కాలితే ఏం చేయాలో కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో ఇంకా టూత్‌పేస్టు, సిరా, పసుపు రాస్తూనే ఉన్నారు. అవేవీ వద్దు. వెంటనే గాజులు, ఉంగరం తీసేయండి, వాపు వచ్చాక రావు. కాలినచోట చల్లని నీటి ధార 20 నిమిషాలు పోయండి. రెండు నిమిషాలకు ఆపేస్తే లోపలికి దిగిన వేడి ఇంకా చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి కాబట్టి బిందెలో నీళ్లు వాడండి. ఐసుముక్క నేరుగా పెట్టకండి, కాలిన చర్మం దానివల్ల ఇంకా దెబ్బతింటుంది. చర్మానికి అంటుకుపోయిన బట్టను లాగకండి. పెద్దగా కాలినా, మొహమో చేతులో కాలినా, పసిపిల్లలకైనా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

బాణలిలో నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయకండి. నీరు నూనె అడుగుకు దిగి ఒక్క క్షణంలో ఆవిరవుతుంది, ఆవిరి కాగానే దాని పరిమాణం దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. మండే నూనె అంతా గది కప్పుదాకా లేస్తుంది. స్టవ్ ఆపి, పెద్ద మూత బోర్లించి, చల్లారేదాకా కదిలించకుండా వదిలేయండి. ఇంట్లో పిల్లలకు కూడా ఈ ఒక్క మాట నేర్పండి.

ఐసు గురించి చిన్న లెక్క. 400 మిల్లీలీటర్ల మజ్జిగ 30 డిగ్రీల దగ్గర ఉంది. అందులో 100 గ్రాముల సున్నా డిగ్రీల నీళ్లు కలిపితే 24 డిగ్రీలకు దిగుతుంది. అదే 100 గ్రాముల సున్నా డిగ్రీల ఐసు వేసి కరగనిస్తే 8 డిగ్రీలకు దిగుతుంది. తేడా అంతా కరగడానికి పట్టిన వేడి. గ్యాసు ఎక్కువసేపు వాడినప్పుడు సిలిండరు అడుగున తేమ పట్టడమూ ఇదే కథ. లోపల ద్రవంగా ఉన్న గ్యాసు ఆవిరవుతూ సిలిండరు వేడిని లాగేసుకుంటుంది. చలికాలంలో మంట తగ్గిందని సిలిండరును వేణ్నీళ్లలో పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

నేను ఇంతసేపు చెప్పిందంతా ఈ చివరి సంగతి కోసమే. ఊరికే కూర్చున్నా మన ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది, పని చేస్తుంటే అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ. చలికాలంలో ఆ వేడి గాలిలోకి దానంతటదే పోతుంది. బయటి గాలి 37 డిగ్రీలు దాటాక ఆ దారి మూసుకుపోతుంది, పైగా గాలే మనకు వేడి ఇవ్వడం మొదలుపెడుతుంది. అప్పుడు మనకు మిగిలిన దారి ఒక్కటే, చెమట. ఒంటి మీద ఒక గ్రాము చెమట ఆవిరయితే సుమారు 580 కేలరీలు పట్టుకుపోతుంది. చేతులు కాల్చిన ఆ గుప్తోష్ణమే ఇక్కడ మన ప్రాణం కాపాడుతోంది. అయితే చెమట ఆవిరి కావాలి. కారిపోయినదీ తుడిచేసినదీ ఒంటిని చల్లబరచవు.

గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరి కాదు. అందుకే రామగుండంలో 44 డిగ్రీల పొడి ఎండలో కుండనీళ్లు చల్లగా ఉంటాయి, కూలరు బాగా పనిచేస్తుంది. కాకినాడలో, మచిలీపట్నంలో 38 డిగ్రీలకే ఉక్కపోసి కూలరు ఎందుకూ కొరగాదు. గదంతా మూసి కూలరు వేస్తే తేమ ఇంకా పెరుగుతుంది, కిటికీ తీసి ఉంచాలి. గుడ్డ చుట్టి తడిపిన థర్మామీటరు చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. 44 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉంటే అది 23 దగ్గర ఉంటుంది. 40 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే 31. అమెరికాలో 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, తేమ ఎక్కువున్న గదిలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకు కూడా ఆ 31 దగ్గరే శరీరం వేడిని అదుపు చేయలేకపోయింది. పొడి ఎండ మంచిదని మాత్రం కాదు, అది ఒంట్లో నీటిని తెలియకుండా లాగేస్తుంది. 2015 మే నెల వడగాడ్పుల్లో దేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే.

ఇప్పుడు వంటింట్లో నిలబడ్డ మన అమ్మను చూడండి. బయట 42 డిగ్రీలు. ముందు రెండు బర్నర్లు. మూతలేని గిన్నెలోంచి లేచే ఆవిరి అంతా ఆ చిన్న గదిలోనే నిలుస్తుంది, ఆమె చెమటను ఆరనివ్వదు. మంట ఆరిపోతుందని ఫ్యాను వేసుకోదు. మళ్లీ మళ్లీ బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగదు. పొలంలో పనిచేసేవాళ్ల ఎండ లెక్కలోకి వస్తోంది, వంటింటి ఎండను ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. మూత పెట్టడం, మరిగాక మంట తగ్గించడం అని మొదట చెప్పానే, అది గ్యాసు కోసం మాత్రమే కాదు. గదిలో ఆవిరి ఎంత తగ్గితే ఆమె చెమట అంత బాగా ఆరుతుంది.

ఒకవేళ ఎవరైనా తడబడుతూ మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి. ఈలోపు నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గట్టిగా విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. పెద్దవాళ్లకు చెమట తక్కువ పడుతుంది. 40 డిగ్రీలు దాటాక వాళ్లను ఫ్యాను కింద ఒదిలేసి ఊరుకోవద్దు, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి.

ఈ రెండు నెలలూ వంట పొద్దున ఎనిమిదిలోపు ముగించండి. మధ్యాహ్నం వేడి అన్నమే కావాలనే ఇంటి మగవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించండి. వంటింటి కిటికీ తెరవండి, పక్కన ఒక చెంబు ఉప్పువేసిన మజ్జిగ పెట్టుకోండి, దాహం వేసేదాకా ఆగకుండా తాగండి.